మా ఇంటి నాలుక

పోయిన నెల మా మనవరాలు పురుడు పోసుకుని, చంటిదాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆకలి మీద ఉందో ఏమో, ఆ పిల్ల నోరంతా తెరిచి కేరుమన్నప్పుడు దాని నాలుక కొస నా కంటపడింది. తమలపాకు తొడిమ దగ్గర ఎలా నొక్కు పడి ఉంటుందో అచ్చం అలాగే ఉంది. అది చూసి నేను పకపకా నవ్వేసరికి, ముసలిదానికి మతి చలించిందేమోనని అందరూ నా మొహంలోకి చూశారు. నాలుక కింద పొర కాస్త పొట్టిగా ఉందని డాక్టరు ముందే చెప్పాడట, పిల్ల పాలు బాగా తాగుతోంది, ఒళ్లు చేస్తోంది కాబట్టి ఇప్పుడేమీ చెయ్యక్కర్లేదన్నాడట. మంచిదే. కానీ ఆ నాలుక ఎవరిదో ఆయనకేం తెలుసు, నాకు తెలుసు గానీ.

నాకు అక్షరాలు సంతకం వరకే. నేను చెబుతుంటే మనవరాలి మొగుడు రాస్తున్నాడు. రొమ్ము అన్నచోటల్లా తల వంచుకుంటున్నాడు, అయినా ఆ మాట లేకుండా ఈ కథ నడవదు.

మా అత్తవారి ఊరు ఆమదాలవలసకు ఎడ్లబండి మీద పొద్దుటే బయలుదేరితే ఎండ ముదరకముందే చేరేంత దూరం. వరీ చోడీ పండించుకునే ఇల్లు. మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు, వ్యవసాయం అత్తే చూసుకునేది. అత్త మీద పెత్తనానికి ఆవిడ అత్త ఉండేది, అంటే మా ఆయనకు నాయనమ్మ. అందరం మామ్మ అనేవాళ్లం. వసారాలో నులకమంచం మీద కూర్చుని, చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, ఇంటిల్లిపాదినీ అక్కణ్ణుంచే ఏలేది. నా ఈడు ఆడవాళ్లకు ఇలాంటి మామ్మల సంగతి నేను చెప్పాలా.

మా ఆయన సాలూరు లారీల మీద డ్రైవరు. చిత్రమేమంటే ఆయనకు 'ర' సరిగా పలికేది కాదు, లారీ అనమంటే లాలీ అనేవాడు. పెళ్లైన కొత్తలో నేను పనిగట్టుకుని ఆ మాట అనిపించి నవ్వుకునేదాన్ని.

నాకు తల్లి లేదు, అంచేత తొలి పురుడు కూడా అత్తవారింట్లోనే జరిగింది. మగపిల్లాడు, పనసతొనలా ఉన్నాడు. అయితే రొమ్ముకి పెడితే పట్టేవాడు, టక్కు టక్కుమని చప్పుడు చేసేవాడు, జారిపోయేవాడు, ఏడ్చేవాడు. మళ్లీ పెడితే మళ్లీ అదే వరస. నాకా, రొమ్ములు రాళ్లలా గట్టిపడి, రవికంతా తడిసి, మొనలు పగిలి, పిల్లాడు నోరు తెరిస్తేనే గుండె ఝల్లుమనేది. ఇన్ని పాలు పెట్టుకుని పిల్లాడి కడుపు ఎండబెడుతున్నానే అని నేను కుమిలిపోతుంటే, వసారాలోంచి మామ్మ తీర్పు చెప్పేసింది.

"పాల్లేని రొమ్ములు. ఈ ఇంటికి ఏరి కోరి ఇలాటోళ్లే వస్తారు. అత్తా ఒట్టిపోయిన గేదే, కోడలూ ఒట్టిపోయిన గేదే!"

అత్త చేటలో బియ్యం ఏరుకుంటూ తల ఎత్తలేదు. ఆవిడా మామ్మ పక్షమే అనుకున్నాను.

మా ఆడపడుచును కళింగపట్నం దగ్గర ఇచ్చారు. ఆమెకూ అప్పుడు చంటిపిల్ల, పాలు దండిగా ఉండేవి. నా కొడుకును తీసుకెళ్లి పాలు మరిచేదాకా అక్కడే ఉంచాలని మామ్మ ఆజ్ఞ. ఆడపడుచు మంచిదే, ప్రాణంలా చూసుకునేది. కానీ పాలు మరిచేదాకా అంటే ఏమిటో తల్లైనవాళ్లకు తెలుసు. తిరిగొచ్చాక వాడు నన్ను చూసి ఎవరీవిడ అన్నట్టు ఆమె కొంగు వెనక దాక్కుంటాడు.

మూట కట్టబోయే ముందు అత్త ఒకే మాట అంది, ఒకసారి సికాకోళం పెద్దాస్పత్రిలో చూపించి అప్పుడు పంపుదామని. అక్కడి డాక్టరమ్మ వేలితో నాలుక పైకెత్తి, కింద సన్నటి పొర ఒకటి నాలుకను కట్టేసినట్టు ఉండటం మాకు చూపించింది. పాలు లేక కాదు, నాలుక చాపలేక పట్టు దొరకడం లేదంది. కత్తెరతో ఆ పొర తుంచితే చుక్క రక్తం తప్ప ఏమీ ఉండదు, వద్దనుకుంటే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పడుతూ ఉండండి, కొందరికి ఎదిగేకొద్దీ సర్దుకుంటుంది, ఇంట్లో మాట్లాడుకుని రండి అంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అనీ అడిగింది. అత్త లేదంది.

ఇంటికొచ్చి చెప్పేసరికి మామ్మ మంచం మీద ఎగిరిపడింది. "నాలిక కోత్తారా? గుంటడు మూగోడైపోతే ఎవులు పూసీ? సదువుకున్నోళ్లకేటి, సెప్తారు!"

నిజం చెప్పాలంటే భయం నాకూ ఉంది. ఒకవైపు కత్తెర, ఒకవైపు కళింగపట్నం.

ఆ మర్నాడే మా ఆయన లారీ దిగి వచ్చాడు. విషయమంతా విని, దీపం దగ్గరకో వెలుతురులోకో పోకుండానే, వసారాలో అందరి ఎదుటా నోరు తెరిచి, నాలుక పైకెత్తి నాకు చూపించాడు. "ఇలాగేనేటే? నాకూ ఉన్నాది కదా. సిన్నప్పుడు గుంటలు నాలిక సాపి ఎక్కిలిస్తే, నాను సాపలేక తన్నీవోణ్ణి."

అత్త చేతిలో చేట కింద పడింది. లేచొచ్చి, గడ్డం మొలిచిన కొడుకు దవడలు రెండు చేతులతో పట్టుకుని, గుర్రం కొనేవాడిలా లోపలికి చూసింది. అదే పొర. అదే తమలపాకు నొక్కు. ఈయన్ని ఆవిడ మేకపాలతో, ఉగ్గుగిన్నెతో పెంచిందని, ఒట్టిపోయిన గేద అని ఊరంతా అంటే తల వంచుకు బతికిందని, ఎవరింట్లో పురుడైనా తొలిసారి పాలు పట్టించే చోటికి ఆవిడను పిలిచేవారు కారని నాకు ఆ రోజే తెలిసింది.

అంతటితో ఊరుకుందా, తిన్నగా మంచం దగ్గరకు నడిచింది. "అత్తా, నీ నాలిక బైటకి తియ్యి."

"నాకేటి రోగం, నాను తియ్యను," అని మామ్మ పెదాలు బిగించింది. కానీ నోట్లో నిప్పున్న చుట్ట, పెదాలు బిగిస్తే ఎంతసేపు ఉంటుంది? దగ్గొచ్చి చుట్ట బయటికి తీసేసరికి మా ఆయన ఆవిడ చంకలో చక్కిలిగింత పెట్టాడు. మామ్మ బూతులు తిట్టడానికి నోరు తెరిచింది. తెరిచిన నోట్లో, పొగకు నల్లబడిన ఆ పొట్టి నాలుక కింది పెదవి దాటి రాలేక, కొస నొక్కు పడి, అచ్చం నా కొడుకుదే.

మా అత్త నడుం మీద చేతులు పెట్టుకుని నవ్విన నవ్వుకు వీధిలోవాళ్లు వచ్చి చూశారు. "పాలు నాకున్నాయే అత్తా! నాలికే నీది!" అంటూ నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మా ఆయన మాత్రం కోత అనగానే వెనక్కి తగ్గాడు. నాకేమైంది, ఉగ్గుగిన్నెతోనే పెరిగాను కదా, వీడూ పెరుగుతాడులే అన్నాడు. అత్త నవ్వు ఆపేసింది. "నువ్వు బతికినావురా నాయినా. నానెలా బతికినానో నీకు తెల్దు," అని, నా వైపు తిరిగి, "పాలు నీవి, పిల్లడు నీవోడు. నువ్వు సెప్పవే, ఏటి సేద్దాం?" అంది.

ఆ ఇంట్లో కూర ఏం వండాలో కూడా నన్ను అడిగినవాళ్లు లేరు. కోయిద్దాం అత్తా అన్నాను.

ఆస్పత్రిలో పిల్లాడి తల అత్తే పట్టుకుంది. డాక్టరమ్మ ఏం చేసిందో నేను కళ్లు తెరిచేలోపే అయిపోయింది, వాడి ఏడుపు కూడా సగంలో ఉండగానే నా రొమ్ముకి అందించారు. వాడు పట్టిన పట్టుకు నా కాలి బొటనవేలి దాకా జివ్వుమంది. టక్కు టక్కు లేదు, గుటుక్కు గుటుక్కుమని ఒకటే తాగుడు. ఇటు వాడు తాగుతుంటే అటు రొమ్ము నుంచి ధార చిమ్మి డాక్టరమ్మ చీర మీద పడితే, అందరం ఒకరినొకరు చూసుకుని నవ్వులే నవ్వులు. ఇంటికి రాగానే మామ్మ ప్లేటు మార్చేసింది. గుంటడు తన పోలికని, తన నాలికే వచ్చిందని, ఇక ఆ నోటికి ఎదురుండదని వచ్చేపోయేవాళ్లకల్లా చెప్పుకునేది. ఎదురు లేదు కూడా, వాడు ఇప్పుడు కోర్టులో వకీలు గుమాస్తా, రోజంతా వాగుతూనే ఉంటాడు.

అత్తది మాత్రం వేరే సంగతి. ఆ తర్వాత ఎప్పుడు నేను పాలివ్వడానికి కూర్చున్నా, పొలంలో ఉన్నా సరే ఎలా తెలిసేదో వచ్చేసి, చేతులు కడుక్కుని నా ఎదురుగా పీట వేసుకునేది. నన్ను చూసేది కాదు. పిల్లాడి గొంతే చూసేది. వాడు గుటక వేసినప్పుడల్లా ఆవిడ గొంతు కూడా కదిలేది, ఎప్పుడో తన కొడుకు తాగకుండా పోయిన పాలన్నీ ఇప్పుడు లెక్కకు వస్తున్నట్టు.

ఇప్పుడు తల్లుల మీద ఆ నింద లేదు. జబ్బుకో పేరుంది, పేరు చెప్పడానికి మనుషులున్నారు, పాలు చాలకపోతే డబ్బాలున్నాయి, ఒట్టిపోయిన గేద అనే నోళ్లు మట్టిలో కలిశాయి. అందుకు నేను చేతులెత్తి దండం పెడతాను. పిల్లకు పాలివ్వడానికి తల్లి లోపలికెళ్లి తలుపేసుకుంటుంది, అదీ మంచిదే, మాకు ఆ చాటు కూడా దొరకలేదు. ఎటొచ్చీ, ఆ తలుపు పడినప్పుడల్లా ఎదురుగా పీట వేసుకుని కూర్చోవాలని నా కాళ్లు తొందరపడతాయి. తలుపు తట్టడం మర్యాద కాదని ఆగిపోతాను.