కానుగ నూనెలో పుడిసెడు నీళ్ళు

మొన్న యలహంక పాత ఊరి మలుపు దగ్గర ఒక బస్సు నా ముందే పొగ వదిలి పోయింది. అచ్చం మాడిన బజ్జీల వాసన. బస్సు వెనక బయోడీజిల్‌తో నడిచే బండి అని కన్నడంలో రాసి ఉంది. పక్కనున్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు, నేను మాత్రం సిగ్గులేకుండా ఇంకొంచెం పీల్చుకున్నాను. ఒకప్పుడు మా ఇల్లంతా ఇట్లాంటి వాసనే వేసేది.

మా నాయన డీజిల్ ఇంజన్ల మెకానిక్. ఊరంతా కన్నడంలో హొంగె అని పిలిచే చెట్టును మేం ఇంట్లో కానుగ అనేవాళ్ళం. ఆ గింజల నూనెతో ఇంజన్ నడపాలన్నది ఆయన పిచ్చి. ఎండాకాలం వస్తే మామిడి ఒరుగులు ఎండాల్సిన మిద్దె మీద కానుగకాయలు ఎండేవి, పిల్లలం మడమలతో వాటిని టప్పుటప్పున పగలగొట్టే పందేలు వేసుకునేవాళ్ళం, అవ్వ గింజలు వలుస్తూ వలుస్తూ, చలికాలం వచ్చినా అవరే చిక్కుళ్ళ పులుసుకు ఈ చేదు కంపు వదలడం లేదని కొడుకును తిడుతూ ఉండేది.

గానుగలో ఆడించిన నూనెకు స్పిరిట్టు, కాస్టిక్ సోడా కలిపి నాయన గాజు జాడీలో కదలకుండా పెట్టేవాడు. మడ్డి అడుక్కు దిగితే పైన తేరిన పసుపు నూనే డీజిల్‌కు బదులు. ముందు ఒక సీసాడు చేసి చూసినప్పుడు బాగానే తేరింది. నీళ్ళు తగిలితే మొత్తం సబ్బైపోతుందట. ఆ సంగతి మాకు చెప్పలేదు, ఆడవాళ్ళకెందుకనుకున్నాడేమో.

వీధి చివరి పిండిమిల్లు ఆయన, ఒక ఆదివారం తన ఇంజన్‌లో ఆ నూనె పోసి చూడనిస్తానన్నాడు. అది నడిస్తే ఉద్యోగం మాని ఇదే పని పెట్టుకోవాలని నాయన ఆశ. "ఈసారి కాకుంటే ఇడిసిపెడ్తా" అని అమ్మతో అనడం నేను విన్నాను.

మా ఇంట్లో ఖాళీ పాత్ర గడప దాటకూడదు. ఎవరి గిన్నె వాళ్ళకు తిరిగిచ్చినా అవ్వ అందులో ఏదో ఒకటి వేసేది, ఏమీ లేకుంటే కాసిన్ని నీళ్ళు. నాయన గానుగకు బయల్దేరిన రోజు అవ్వ పెళ్ళికి పోయింది. ఎనిమిదేళ్ళ నేను పెద్దరికంగా ఆయన నూనె పట్టుకురావడానికి తీసిన ఖాళీ రేకు డబ్బాలో పుడిసెడు నీళ్ళు పోసి మూత పెట్టాను.

ఈసారి జాడీలో ఏదీ తేరలేదు. అంతా ముద్దగా, పాలిపోయి గడ్డకట్టింది. నాయన వేలితో నలిపి చూశాడు. "జాడీ ఎండబెడ్తి కదా, నీళ్ళు తగిలే దారే లేదు. సోడా లెక్కే తప్పితి."

అప్పుడర్థమైంది నాకు. నోరు తెరవలేదు. తిడతాడని కాదు, ఆ ముఖం చూసి భయమేసింది.

ఆ ముద్దతోనే అమ్మ మూడు నెలలు బట్టలుతికింది. ఆ కంపుకు బళ్ళో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, నాకు తగిన శాస్తే అనుకున్నాను. నాయన మళ్ళీ కానుగ మాట ఎత్తలేదు. ఇంకొకరి షెడ్డులో పని చేస్తూనే ముసలివాడయ్యాడు.

ఆ బస్సు చూసిన సాయంత్రం ఆయనకు చెప్పేశాను.

"ఎన్ని నీళ్ళు?"

అరచెయ్యి పుడిసిలి పట్టి చూపించాను. వేళ్ళు మడుస్తూ చాలాసేపు లెక్కేసుకున్నాడు.

"అయితే నా లెక్క సరిగ్గానే ఉండాది పాపా. ఇన్నేండ్లూ నాకు చేతకాలేదనుకుంటి." కాసేపటికి, "ఆ మిల్లు ఇంజను ఇంకా ఉండాదా?" అన్నాడు.

మిల్లు పోయి పదిహేనేళ్ళు దాటింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వీధిలో కానుగలన్నీ కొట్టేశారు, గానుగ ఉన్నచోట ఫోన్ల దుకాణం వచ్చింది. ఇవన్నీ ఆయనకూ తెలుసు. అయినా అడిగాడు, నేను లేదని చెప్పాల్సి వచ్చింది.