నారాయణఖేడ్‌లో వంటింటి పీట

నేను మలేసియాలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. రెండేళ్ళ క్రితం ఇండియా వచ్చినప్పుడు నారాయణఖేడ్ దగ్గర మా బస్సు చెడిపోతే, తోటి ప్రయాణికుడు బసప్ప తన ఇంటికి తీసుకెళ్ళి వారం రోజులు ఉంచుకున్నాడు. తిరిగొచ్చాక మా సంఘం పత్రికలో, అక్కడ అతిథికి కుర్చీ కూడా వేయరని, వంటింట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టి పెడతారని, వయసు చూడకుండా నువ్వు అంటారని రాశాను. అది తప్పు రాత. అక్కడి ఇళ్ళలో బయటివాళ్ళెవరూ వంటింటి గడప దాటరని, దాటనిచ్చారంటే ఇంటిమనిషే అని హైదరాబాద్ మిత్రుడొకరు చెప్పాకే తెలిసింది. ఈలోపు ఎవరో ఆ వ్యాసాన్ని ఫోన్‌లో బసప్పకే పంపారు. అందుకే ఈ డిసెంబర్లో మళ్ళీ బయల్దేరాను.

రాత్రి విమానం, తెల్లవారేసరికి హైదరాబాద్. లింగంపల్లిలో నారాయణఖేడ్ బస్సు దొరికింది. జోగిపేటలో చాయ్ తాగాం. దారి పొడవునా కాయ పట్టిన కంది చేలు. పక్క సీటు పెద్దాయన అడిగాడు.

"ఏ ఊరు?"

"మలేసియా."

"గాడ అన్నమే తింటరా?"

"అన్నమే."

"ఇగ పరేషాన్ ఏముంది" అని కునుకు తీశాడు.

మధ్యాహ్నానికి బస్టాండ్‌లో బసప్ప బండి మీద సిద్ధంగా ఉన్నాడు. ఇంటి దగ్గర అతని భార్య చెన్నమ్మ, "రండి సార్, కూసోండి" అంది. హాల్లో కుర్చీ వేసింది. ఫ్యాను తిప్పింది. టీపాయి మీద అన్నం, పప్పు, రెండు కూరలు, స్వీటు. లోపల రొట్టెలు కొట్టే చప్పుడూ, బసప్ప నవ్వూ వినిపిస్తున్నాయి. నేను టీవీ ఎదురుగా ఒక్కణ్ణే తిన్నాను. అంత మర్యాద మింగడం కష్టమైంది.

మర్నాడు పొద్దున బసప్ప బోరంచ నల్లపోచమ్మ గుడికి తీసుకెళ్ళాడు. దారిలో అడిగాను, చెన్నమ్మక్కకు నా మీద కోపమా అని.

"కోపమెక్కడిది? నువ్వు కుర్చీ లేదని రాసినవ్. ఏసింది."

తిరిగొచ్చాక కుర్చీలో కూర్చోలేదు. వంటింటి గడప బయటే నిలబడ్డాను.

"అక్కా, నేను రాసింది తప్పు. లోపలికి రానా?"

ఆమె పిండి మీంచి చేతులు తీయలేదు. "గీడ ఫ్యాను లేదు సార్. పొగ వస్తది. మల్ల రాస్తరు."

"రాస్తాను. ముందు రాసింది తప్పని రాస్తాను."

"గది ఎవరు చదువుతరు? మొదటిది చదివి మా చెల్లె మస్తు నవ్వింది."

పొయ్యి పక్కనున్న బసప్ప, "రానియ్యవే, రొట్టె సల్లారుతది" అన్నాడు.

చెన్నమ్మ పిండి చేత్తోనే పీట జరిపింది. "కూసో. నిలవడే తింటవా ఏంది?"

వేడి జొన్నరొట్టె, పుంటికూర అనే గోంగూర, పైన వెన్న. చాలన్నా వేస్తూనే ఉంది.

"చాలంటే నేనాగ. మా కన్నడంల సాకు అనాలె."

సాకు అన్నాను. ఇంకోటి వేసింది.

తర్వాతి రోజులన్నీ తీరికే. పొద్దున డాబా మీద ఎండలో ఉప్పేసి ఉడికించిన కందికాయలు ఒలుచుకుంటూ కూర్చోవడం, మధ్యాహ్నం నిద్ర. ఒకరోజు నాగల్‌గిద్ద దగ్గర వాళ్ళ చేనుకు వెళ్ళి, గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుని వచ్చాం. ఇటు వచ్చేవాళ్ళకు బస్టాండ్ దగ్గర లాడ్జి దొరుకుతుంది. కానీ ఎవరైనా ఇంటికి రమ్మంటే వెళ్ళండి. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోండి.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. చెన్నమ్మ కట్టిచ్చిన రొట్టెల మూట పట్టుకుని నిలబడ్డాను. సీట్లో ఉన్న రైతు తలెత్తాడు.

"ఏ లాడ్జిల దిగినవ్?"

"లాడ్జి కాదు. మా అక్కవాళ్ళింట్లో."

"నీ మాట చూస్తే గీ దిక్కోనివి కావు. అక్క ఏడికెల్లి వచ్చింది?"

"వంటింట్లో కూర్చోబెట్టి పెట్టింది."

"గట్లనా" అని అతను సంచి ఒళ్ళోకి తీసుకుని, పక్కకు జరిగాడు.