బుడ్డికి పదేళ్ళొచ్చిన రోజు

మా మేడ మీద వాటాలో ఉండే ఆవిడకు యాభై దాటాయి. రేడియోలో మాత్రం తొమ్మిదేళ్ళే. పిల్లల కార్యక్రమంలో, చుక్కల అవతల ఏదో లోకంలో ఉండే బుడ్డి అనే పిల్లకు గొంతు ఆవిడదే. అందుకే మా వీధికంతటికీ ఆవిడ బుడ్డమ్మ.

బుడ్డి వాళ్ళ లోకంలో ఏడాది బాగా పొడుగు. అది చాలదన్నట్టు, పుట్టినరోజు దగ్గరపడ్డప్పుడల్లా కథ రాసే ఆయన ఇంకో నెల అతికిస్తాడు. మంచు నెల అయిపోతోందనగా రెండో మంచు నెల, అదయ్యాక పొగమంచు నెల. పదేళ్ళు నిండిన పిల్లలు అక్కడ చదువుకోసం వేరే చుక్కకు వెళ్ళిపోవాలి. బుడ్డి వెళ్ళిపోతే కార్యక్రమం ఎవరు వింటారని దాన్ని నడిపే పెద్దాయన బెంగ.

ఓ సాయంత్రం ఆవిడ మెట్ల మీద కూలబడి ఉంటే ఊరుకోలేక అడిగాను.

"ఏమ్మా, మొహం అలా పీక్కుపోయింది?"

"గొంతులో కాయలు కాశాయట పిన్నిగారూ. ఆ పిల్ల గొంతుతో మాట్లాడ్డం మానకపోతే ఉన్న గొంతూ పోతుందంది డాక్టరమ్మ."

"మీ పెద్దాయనకి చెప్పలేకపోయావా?"

"చెప్పా. మధ్యలో గొంతు మారిస్తే పిల్లలు పట్టేస్తారట. పుట్టినరోజు రానీ, అప్పుడు మానేద్దువుగానీ అన్నాడు."

"ఎప్పుడొస్తుందేం?"

"మొన్ననే ఇంకో నెల అతికించారు."

నవ్వొచ్చింది గానీ, ఆవిడ మొహం చూసి మింగేశాను.

అప్పట్నుంచి ఇంట్లో అన్నీ సైగలే. మిగిలిన కాస్త గొంతూ బుడ్డి కోసం దాచేది. "ఊరికి వసపిట్ట, నాకు మూగనోము" అని మొగుడు వేళాకోళమాడుతూనే గోరువెచ్చని నీళ్ళు తెచ్చి చేతికిచ్చేవాడు.

ఓ ఆదివారం, పిల్లలు ఫోను చేసి బుడ్డితో నేరుగా మాట్లాడే ఏర్పాటు చేశారు. పొయ్యి కట్టేసి మరీ విన్నాను. ఎవరి పిల్లో అడిగింది, "బుడ్డీ, నీ పుట్టినరోజెప్పుడు?"

దానికి జవాబు నాకూ కంఠతా వచ్చు, ఇంకా మంచు కరగలేదని. కానీ రేడియోలో చప్పుడు లేదు. పాడైపోయిందేమోనని తట్టి చూశాను. అప్పుడు వినిపించింది, అరిగిపోయిన చిన్న గొంతు.

"ఇవాళే."

"అయితే ఎన్నేళ్ళు?"

"పది. ఇంక వెళ్ళొస్తానమ్మా."

ఫోనులో పిల్ల పుట్టినరోజు పాట అందుకుంది. వెనక ఎవరో కుర్చీ జరిపి లేచిన చప్పుడు కూడా వినపడింది.

ఆవిడ వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

"పెద్దాయన ఏమన్నాడు?"

"అదంతా బుడ్డికొచ్చిన కల అని సర్దేద్దామన్నాడు. ఈలోపు శుభాకాంక్షలు చెప్పే పిల్లలు ఫోను పెట్టనివ్వలేదు. ఇంక కలంటే ఎవరు ఒప్పుకుంటారు?"

"కేకలేశాడా?"

"వేశాడేమో. వినే ఓపిక లేదు పిన్నిగారూ."

ఇప్పుడు కొన్నాళ్ళు నోరు మెదపొద్దంది డాక్టరమ్మ. ఆ మాట ఆవిడకే గానీ నాకు కాదు కనక, రోజూ మధ్యాహ్నం పైకెళ్ళి ఇద్దరి మాటలూ నేనే మాట్లాడుతున్నాను. కనుబొమలతో జవాబిస్తుంది.

నిన్న రేడియో పెట్టాం. బుడ్డి కొత్త చుక్కకు చేరింది. గొంతు వేరే అమ్మాయిది.

"రేకు డబ్బాలో గులకరాళ్ళేసినట్టుంది" అన్నాను.

తప్పు, అన్నట్టు వేలు ఊపి కళ్ళు మూసుకుంది.

కార్యక్రమం అయ్యాక, నీకు నచ్చిందా అని అడగబోతే నిద్రపోయి ఉంది. అడగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. రేడియో కట్టేసి, లేపకుండా కిందికి దిగాను.