డబ్బాలో పడని మ్యాపు

మా టూరిస్టు ఆఫీసు తలుపుకి ఒక రేకు డబ్బా ఉంది. సముద్రం రోడ్డు చూసి వచ్చినవాళ్ళు తమ మ్యాపు అందులో వేసి పోవాలి, ఇంకొకరికి పనికొస్తుందని. రోజూ పొద్దున్నే డబ్బా తెరిచేది నెరిడా. మ్యాపులన్నీ తీసేశాక కూడా మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగంతా తడిమేది.

"పిల్లి గానీ పిల్లల్ని పెట్టిందా అందులో?" అనేదాన్ని. నా నోరు అలాంటిది. ఆమె నవ్వేది కాదు.

నెరిడా ట్రెవిన్‌కి డెబ్బై నాలుగేళ్ళు. బడిలో భూగోళం చెప్పి రిటైరయింది. నాలాగే ఆ బల్ల దగ్గర జీతం లేకుండా కూర్చుంటుంది. ఎన్ని రోజులుంటారు, పిల్లలున్నారా, మలుపుల్లో కడుపులో తిప్పేవాళ్ళున్నారా అని ఆరా తీసి, ఎక్కడ తినాలో, ఎక్కడ తిమింగలాలు కనిపిస్తాయో పెన్సిలుతో గీసి ఇస్తుంది. ఒక్క విషయంలో మాత్రం మొండిపట్టు. మా ఊరు ఆ రోడ్డుకి పడమటి కొస. ఇక్కణ్ణించి ఎవర్నీ నేరుగా సముద్రం వెంట పోనివ్వదు. లోపలి రోడ్డున తూర్పు కొసకి పోయి, తిరిగి సముద్రం వెంట రమ్మంటుంది. అలా వస్తే సముద్రం ఎడమపక్కనే ఉంటుంది, ఎక్కడ ఆగాలన్నా రోడ్డుకి అడ్డంగా తిరగక్కర్లేదు.

"రెండు గంటలు దండగ కదండీ!" అని విసుక్కుంటారు జనం.

"దండగైతే అయింది," అంటుంది నెరిడా.

ఆమె ఆ రోడ్డెక్కి మాత్రం పదహారేళ్ళయింది.

పదహారేళ్ళ కిందట టెగన్ అనే పిల్ల, కొత్త మొగుడితో, గోధుమ పొలాల ఊరి నుంచి వచ్చింది. పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదట. నెరిడా ముచ్చటపడి, ఒక వ్యూ పాయింట్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఇక్కడ తప్పక ఆగండి" అని రాసిచ్చింది. వాళ్ళు అక్కడ ఆగడానికే కుడివైపు తిరిగారు. ఎదురొచ్చే దుంగల లారీవాడి కళ్ళలో పడమటి ఎండ. ఇద్దరూ అక్కడే పోయారు.

మర్నాడు పోలీసతను ఆ మ్యాపు చూపించి, వీళ్ళు మీ దగ్గరికి వచ్చారా అని అడిగి వెళ్ళాడు. నెరిడాని ఎవరూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఆ పిల్ల తిరిగొచ్చి వేసిపోవాల్సిన మ్యాపు కోసమే ఆమె ఆ డబ్బా తడుముతోందని నాకు తెలుసు. తెలిసే పిల్లి మాట అనేదాన్ని. ఆ సంగతి ఎత్తాలంటే భయం, ఇంకేముంది!

పోయిన మార్చిలో ఒకనాడు, భోజనాలయ్యాక, ఒక పెద్దావిడ వచ్చింది. సంచిలోంచి మడతల దగ్గర చిరిగిన మ్యాపు తీసి బల్ల మీద పరిచింది. దాని మీద ఎర్ర సున్నా ఉంది.

"నా పేరు గ్వెన్. మా అమ్మాయి టెగన్ ఈ దారినే పోయింది. నేనూ ఒకసారి పోదామని. ఇది రాసిందెవరో మీకు తెలుసా?"

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఇక్కడ ఎంతమంది పనిచేశారనీ! ఎవరికి గుర్తుంటుందమ్మా," అన్నాను గబగబా.

"నువ్వు ఊరుకో డాట్," అంది నెరిడా. "ఆ రాత నాదేనండీ."

గ్వెన్ మ్యాపు వదిలి ఆమె వైపు తిరిగింది. తిట్టినా కొట్టినా పడటానికే అన్నట్టు నిలబడింది నెరిడా.

"ఆ రోజు ఎలా ఉంది మా పిల్ల?"

"ఐస్‌క్రీం చేతి నిండా కార్చుకుంటూ నిలబడింది. సముద్రం వాసన ఇక్కడికే వస్తోందని మొగుడితో ఒకటే గోల."

గ్వెన్ నవ్వబోయి ఏడ్చేసింది. "అదే. అచ్చం అదే." కళ్ళు తుడుచుకుంది. "అంత బావుంటుందా ఆ చోటు?"

"బావుండేది. మళ్ళీ వెళ్ళలేదు నేను."

"అయితే పద. ఒక్కదాన్నే వెళ్ళే ధైర్యం లేదు నాకు."

"లోపలి రోడ్డున పోయి వెనక్కి వద్దాం."

"కాదు. అది పోయిన దారినే."

"మతిగానీ పోయిందా మీ ఇద్దరికీ!" అని అరిచాను. నెరిడా కోటు తొడుక్కుంది. ఐదింటికి తాళం వేసుకుని పొమ్మంది.

నేను పోలేదు. ఐదైంది, ఆరైంది. పెట్టుకున్న టీ చల్లారిపోయింది. ఏ కారు చప్పుడైనా లేచి కిటికీ దగ్గరికి పోయాను. ఒక దుంగల లారీ ఊళ్ళోంచి దాటిపోయింది. దాని ముందుభాగాన కొత్త సొట్ట ఏదైనా ఉందా అని చూశాను. పదహారేళ్ళు ఈ నరకం ఒక్కతే పడింది నెరిడా, నేను పక్కన కూర్చుని జోకులేశాను.

ఏడు కావస్తుండగా గ్వెన్ కారు వచ్చి ఆగింది. నడుపుతున్నది నెరిడా.

"ఎక్కడ చచ్చారు ఇంతసేపు!" అనేసి నాలిక కరుచుకున్నాను.

"ఆగాం," అంది నెరిడా.

గ్వెన్ ఆ పాత మ్యాపుని పాత మడతల్లోనే జాగ్రత్తగా మడిచింది. నేను చెయ్యి చాచినా ఇవ్వలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి తనే డబ్బాలో వేసింది.

మర్నాడు పొద్దున నెరిడా డబ్బా తెరిచింది. ఎర్ర సున్నా ఉన్నదాన్ని తీసి బల్ల మీద పెట్టింది. హమ్మయ్య అనుకున్నాను. ఆమె మళ్ళీ డబ్బా దగ్గరికి వెళ్ళి, మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగంతా తడమసాగింది.

"ఇంకా ఏం వెతుకుతున్నావే తల్లీ, వచ్చిందిగా!"

"మ్యాపే వచ్చింది, డాట్," అంది.