తాత కాళ్లు, నా వేళ్లు

కొత్త కీబోర్డు అట్టపెట్టె విప్పగానే ఒక వాసన వస్తుంది. థర్మాకోలు, ప్లాస్టిక్కు, ఇంకా ఎవరి వేలూ తగలని మెట్లు, అన్నీ కలిసిన ఆ వాసన మగ్గం మీది నుంచి అప్పుడే దించిన పట్టుచీర వాసనకు దూరపు చుట్టంలా ఉంటుంది. మొన్న శనివారం పొద్దున కొత్తచెరువు భజన వాళ్ల పెద్దాయన, హిందూపురంలో కొన్న పెట్టెను ఊరికి తీసుకుపోకుండా నేరుగా పెనుకొండలో మా ఇంటికే తెచ్చి, "మీరు ముందర ఒకసారి వాయించి సూడండమ్మా, మల్ల తీసకపోతాం" అని నా ముందే విప్పాడు. ఆ వాసన తగలగానే నలభై దాటిన నేను కాస్తా రెండు జడల పిల్లనై ధర్మవరంలో మా మగ్గం గుంట అంచున కూర్చున్నాను.

పెళ్లై పెనుకొండకు వచ్చినప్పటి నుంచి పిల్లలకు ఇంట్లోనే కీబోర్డు నేర్పుతున్నాను కాబట్టి, కొనేముందు నన్ను అడిగేవాళ్లు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఇంట్లో సాధనకు ఏది మంచిది, వేదిక మీదికి ఏది తీసుకోవాలి అని అడుగుతారు. నేను ముందు ఎదురు ప్రశ్నలు వేస్తాను. వాయించేది ఎవరు? కింద కూర్చుంటారా, కుర్చీలోనా? మీ ఊళ్లో కరెంటు నిలుస్తుందా? మెల్లగా ఒత్తితే మెల్లగా పలుకుతుందో లేదో చూశారా? ఇవి నా తెలివి కాదు. ఇవన్నీ మా తాత అడిగిన ప్రశ్నలు. ఆయన పుణ్యాన నేను బతుకుతున్న బతుకు ఇది.

మా తాత పట్టుచీరలు నేసేవాడు. పొద్దు పొడవక ముందే గుంటలో కాళ్లు దించి కూర్చుంటే, కింద తొక్కుడు చెక్కలు, పైన పోగును మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడె, టకటకమంటూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటూ ఉండేవి. పట్టు ఉడికించిన సబ్బు నీళ్ల వాసన, రంగుల వాసన, అమ్మ కండెలు చుట్టే రాట్నం చప్పుడు, మధ్యాహ్నానికి సంగటిలోకి అవ్వ రోట్లో నూరే శెనగగింజల ఊర్బిండి పచ్చడి కమ్మదనం, ఇవి కలిస్తేనే మా ఇల్లు. ఎండాకాలంలో ధర్మవరం గాలికి పోగులు ఎండి పుటుక్కున తెగిపోయేవి. అందుకని అవ్వ గుంటలో నీళ్లు చల్లి, కిటికీకి తడి గోనెపట్టా కట్టి, నేలంతా తడిబట్టతో తుడిచి, మగ్గాన్ని చంటిబిడ్డను చూసినట్టు చూసుకునేది. వేడిగా ఉన్న దేన్నయినా తడిపి చల్లబరచడం మా అవ్వకు పూజ లాంటిదే.

సాయంత్రమైతే తాత కాళ్లు మగ్గం దిగి కాలి హార్మోనియం ఎక్కేవి. వయసులో ఉన్నప్పుడు నాటకాలకు వాయించిన పెట్టె అది. కాళ్లతో తొక్కితే తిత్తిలోకి గాలి వస్తుంది, రెండు చేతులూ మెట్ల మీద తిరుగుతాయి. శనివారం భజనలకు, ధనుర్మాసంలో పొంగలి వేడివేడిగా దొన్నెల్లో పంచే పొద్దుటి భజనలకు, శ్రీరామనవమికి మా వీధి భజనమందిరంలో ఆ పెట్టె లేనిదే పాట లేచేది కాదు. పగలంతా తొక్కిన కాళ్లు మళ్లీ తొక్కడానికి ఎట్లా ఒప్పుకునేవో నాకు ఆశ్చర్యం. అడిగితే, "మగ్గం తొక్కేది కడుపుకు, ఇది తొక్కేది దేవుడికి. కాళ్లకు ఆ తేడా తెలుస్తాది లే" అనేవాడు.

నా ఎడమకాలు పోలియో వచ్చి సన్నబడిపోయింది. మిగతా పిల్లలు వీధిలో కుంటాట ఆడుతుంటే, నేను అరుగు మీద గచ్చకాయలు ఎగరేసుకుంటూ, ఎవరు గీత తొక్కారో తీర్పు చెప్పే పెద్దమనిషిగా ఉండేదాన్ని. బడి దూరం. అందుకని నాయన పలక మీద అక్షరాలు ఇంట్లోనే దిద్దించాడు, తాత పద్యాలతో, పాటలతో చదువు చెప్పాడు. చదువు ఇంట్లోకి వచ్చింది గానీ హార్మోనియం మాత్రం నాకు లొంగలేదు. దాన్ని తొక్కడానికి నాకు కాలు లేదు. దానికీ తాతే ఉపాయం కనిపెట్టాడు. బల్ల మీద నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, తాను తొక్కుతూ నన్ను వాయించమనేవాడు. తాత కాళ్లు, నా వేళ్లు. నేను ఏ చోట ఊపు పెంచుతానో, ఎక్కడ తగ్గిస్తానో ఆయన కాళ్లకు ముందే తెలిసిపోయేది. అట్లా కొన్నేళ్లు నేనూ ఒక హార్మోనియం వాయించే పిల్లనే.

తర్వాత తాత మోకాళ్లు పట్టేశాయి. మగ్గం నాయనకు అప్పజెప్పాడు. భజనలో ఒక పాటకు తొక్కి రెండో పాటకు ఆగిపోయేవాడు. ఆయన ఆగితే నేనూ ఆగినట్టే. ఆయన మోకాళ్లకు నూనె రాస్తున్నప్పుడు నేను రాముణ్ణి అడిగింది తాత నొప్పి తగ్గాలని మాత్రమే కాదు, నా పాట కోసం కూడా.

అప్పుడే నాయన హిందూపురంలో కీబోర్డులు వచ్చాయని విని వచ్చాడు. కాళ్లతో పని లేదట, గాలితో పని లేదట. మందిరంలో ఆ మాట చెప్పగానే ధోలక్ వాయించే వెంకటప్ప తాత నవ్వాడు.

"ఏమప్పా, కరెంటు పోతే దేవుడికి మూగ భజన చేస్తామా?"

"బ్యాటరీలు ఏస్తే పలుకుతాదంట," అన్నాడు నాయన.

"ప్లాస్టిక్కు డబ్బాకు, మన హార్మోనికి సాపత్యమా? అది ఆడపిల్లోళ్లు ఆడుకునేది."

"ఆడపిల్లే వాయిస్తాది. ఈ నవమికి వాయించనీ. బాగలేకుంటే మల్ల నీ ఇష్టం," అన్నాడు తాత. నవమి నాడు పందిట్లో కుదిరితే ఇక మీదట కీబోర్డు, లేకుంటే భజనలకు అనంతపురం నుంచి హార్మోనియం వాయించే మనిషిని పిలవడం. మందిరం పెద్దలు అట్లా తేల్చారు.

తాత, నాయన, నేను పొద్దుటి రైలెక్కాం. పెనుకొండ కొండ, దాని మీది కోటగోడ కిటికీలో చాలాసేపు మాతోనే వచ్చినట్టనిపించింది. ఆ ఊరే నాకు అత్తగారి ఊరవుతుందని అప్పుడు నాకేం తెలుసు. హిందూపురం స్టేషన్లో దిగి ఉగ్గాని, బజ్జీలు తిని అంగడికి పోతే, అక్కడ పెళ్లిళ్లకు పాడే ఆర్కెస్ట్రా ఆయన ఒకడు నడుమెత్తు స్టాండు మీద పెద్ద సింథసైజర్‌ను పెట్టి వయొలిన్లు, వానచప్పుడు, గుర్రపు డెక్కలు, ఏవేవో పలికిస్తున్నాడు. నేను నోరు తెరిచి చూస్తున్నాను. తాత దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి గొంతు యాడుండాది?" అని అడిగాడు.

"దీంట్లో స్పీకర్ ఉండదు తాతా. ఇది స్టేజీకి. పెద్ద బాక్సులకు తగిలించుకోవాల," అన్నాడు ఆర్కెస్ట్రా ఆయన.

"సొంత గొంతు లేనిది మాకేంటికప్పా! ఇంట్లోనూ పాడాల, పందిట్లోనూ పాడాల."

అంగడి ఆయన ఇంకొకటి దించాడు, చిన్నది, ముద్దుగా ఉంది. తాత నా చెయ్యి దాని మీద పెట్టించి తల ఊపేశాడు. "ఈ మెట్లు శెనగగింజలంత ఉండాయి. రేప్పొద్దున పాప పెద్దదైతే వేళ్లు యాడ పెడతాది?" చివరికి మధ్యరకందొకటి బల్ల మీదికి వచ్చింది. మెట్లు హార్మోనియం మెట్లంతే వెడల్పు, పక్కన రెండు స్పీకర్లు, కింద బ్యాటరీల గది, వెనకాల మైకుసెట్టుకు తగిలించే బెజ్జం. తాత ఒక మెట్టును మెల్లగా తాకాడు, మెల్లగా పలికింది. గట్టిగా ఒత్తాడు, గట్టిగా పలికింది. "ఆ, దీనికి మనిషి చెయ్యి తెలుస్తాది," అని కుర్చీ లాక్కుని పాట ఎత్తుకున్నాడు. అంగడి ఆయన బల్ల కిందికి వంగి చూసి పకపకా నవ్వాడు.

"ఏం పెద్దాయనా, కాళ్లు యాడికి పోతాండాయి? దుడ్లు ఇయ్యకుండానే తొక్కుకుంటా ఊరికి పోతాండావా ఏంది?"

చూస్తే తాత కాళ్లు రెండూ గాలిలో తొక్కుతూనే ఉన్నాయి. ఆయన కూడా కిందికి చూసుకుని నవ్వి, లేచి, నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎవరూ తొక్కకుండా, ఎవరి మోకాలూ నొప్పి పడకుండా నా వేళ్ల కింద పాట లేచింది. నా జన్మలో అంత తేలిక ఎప్పుడూ ఎరగను. కళ్లనీళ్లు వచ్చి మెట్లు అలుక్కుపోయాయి.

నవమికి ఇంకా రెండు రోజులుందనగా ఆ ముప్పు వచ్చింది. ఆ మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. కొని తెచ్చి కిటికీ పక్కన పెట్టిన కీబోర్డును అవ్వ చేత్తో తాకి చూసింది. కాలిపోతోంది. మగ్గానికి తెలిసిన మందే దీనికీ వేసింది. తువ్వాలు తడిపి, పిండి, పసిబిడ్డకు కప్పినట్టు దాని మీద పొద్దుగూకేదాకా కప్పి ఉంచింది, మధ్యలో గుడ్డ ఆరిపోతే ఇంకో రెండు చెంబులు చిలకరించింది కూడా. నాయన వచ్చి తువ్వాలు తీసి మీట నొక్కితే దీపం వెలిగింది గానీ, ఏ మెట్టు నొక్కినా చప్పుడు లేదు.

"పాపం సెగకు ఉడుకుతాంటే సల్లగ ఉంటాదని కప్పితినే," అంటూ అవ్వ గోడకు ఆనుకుని కూలబడింది. నాయన వీధి చివరి టెలిఫోన్ బూతుకు పరిగెత్తాడు. మీట ముట్టొద్దు, ఎండలో పెట్టొద్దు, బోర్లించి నీడన ఆరబెట్టండి, ఆపైన దేవుడి దయ అని అంగడి ఆయన చెప్పాడట.

రెండు పీటల మీద దాన్ని బోర్లించాం. ఇల్లంతా కలిపి ఒకటే గది, మగ్గమూ అందులోనే. గాలిలో తడి ఉంటే పెట్టె ఆరదని నాయన ఆ రెండు రోజులూ గుంటలో చుక్క నీళ్లు చల్లనివ్వలేదు, కిటికీ గోనెపట్టా తీసేశాడు. పోగులు తెగుతూనే ఉన్నాయి. తెగినప్పుడల్లా వంగి ముడి వేసుకుని మళ్లీ నేసేవాడు. అవ్వ మాత్రం అన్నం ముట్టలేదు, మంచినీళ్లు కూడా వద్దంది.

"నీళ్లు పోసి దాన్ని సంపితి. నాకేంటికి నీళ్లు?"

"ఏమే, నువ్వు ఎండితే అది ఆరుతాదా?" అన్నాడు తాత, చెంబు చేతికిస్తూ. "తాగు. రాముడు సూస్తాండాడు లే." అవ్వ ఆ చెంబును అట్లాగే పక్కన పెట్టేసింది.

నేను అవ్వ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. ఆమె మీద నాకు కోపం రాలేదు, కాపాడాలనే కదా తడిపింది. అనంతపురం ఆయనను పిలిస్తే నేను మళ్లీ అరుగు మీద తీర్పులు చెప్పుకునే పిల్లనే అని మాత్రం తెలుసు. పాత పెట్టెకు తాత కాళ్లు లేవు, కొత్త పెట్టెకు ప్రాణం లేదు. "స్వామీ, నీ పాటే కదా" అనుకుంటూ కళ్లు మూసుకున్నాను.

నవమి పొద్దున నాయన మీట నొక్కాడు. నేను వేలు పెట్టాను. షడ్జమం పలికింది! ఒక్కొక్క మెట్టూ నొక్కుతూ పోతుంటే అన్నీ పలికాయి, పై స్థాయిలో రిషభం ఒక్కటి తప్ప. అది ఎంత నొక్కినా మూగే. మా మందిరం వాళ్లు చివర ఎత్తుకునే నామం సరిగ్గా ఆ రిషభం మీదే నిలుస్తుంది. నా మొహం చూసి తాత నా తల నిమిరాడు. "ఆడికొచ్చేసరికి ఊరంతా గొంతెత్తుతాది పాపా. నువ్వు ఆ మెట్టు మీద ఊరికే వేలు పెట్టు. మిగతాది జనం సూసుకుంటారు."

కల్యాణమై, పానకం, వడపప్పు పంచిపెట్టి, పందిట్లో భజన మొదలైంది. నేను వేదిక మీద చాప పరుచుకుని కూర్చున్నాను. తాత నా వెనకే. ఒక్కొక్క నామమూ దాటిపోయి ఆఖరుది వచ్చింది. ధోలక్ జోరందుకుంది, తాళాలు గల్లుమన్నాయి, ఆడవాళ్ల వైపు నుంచి, మగవాళ్ల వైపు నుంచి, చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్ల నుంచి కూడా గొంతులు లేచాయి. మూగ మెట్టు మీద నేను వేలు పెట్టాను. రిషభం ఆకాశానికి తగిలింది. అందులో అవ్వ గొంతు కూడా ఉంది, రెండు రోజుల దాహానికి బొంగురుపోయి.

అయిపోయాక వెంకటప్ప తాత చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "ఏమో అనుకున్యా గానీ పాపా, ఆ పై రిషభం ఉండాది సూడు, మన హార్మోనిలో కూడా అంత బాగ ఎప్పుడూ పలకలేదు. ఇదే ఉండనీ మనకు."

తాత దగ్గొచ్చినట్టు కండువా నోటికి అడ్డం పెట్టుకుని పందిరి వెనక్కి పోయాడు. ఆయన భుజాలు కదులుతుంటే నవ్వుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. అవ్వ మాత్రం నా దగ్గరికి వచ్చి ఒక గ్లాసు పానకం నాకిచ్చి, ఇంకో గ్లాసు తాను గుక్క తిప్పుకోకుండా తాగింది.

వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. మా మగ్గం గుంటను పూడ్చి బండలు పరిచారు. కాలి హార్మోనియం చెదలు పట్టి పోయింది. ఆ వీధిలో నాడె చప్పుడు, తడి గోనెపట్టా వాసన వెతికినా దొరకవు. ఇప్పటి కీబోర్డుల్లో తబలా ఉంది, తాళాలు ఉన్నాయి, మీట నొక్కితే గుంపుగా పాడే గొంతులు కూడా ఉన్నాయి. కొన్ని మందిరాల్లో ఒక్కడే కూర్చుని అన్నీ దాంతోనే కానిచ్చేస్తున్నాడు. తప్పు పట్టను. అందరికీ పనులు. కానీ నాకు మాత్రం అక్కడ ఊపిరాడదు.

కొత్తచెరువు వాళ్ల పెట్టెను కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా వాయించి చూశాను.

"అన్నీ పలుకుతాండాయా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

"అన్నీ పలుకుతున్నాయి. మంచి పెట్టె. ఇంతకీ మీరు పాడేవాళ్లు ఎంతమంది ఉన్నారు?"

"శానా మందిమి ఉండాం. పెట్టెను సూస్తామని అందురూ నాతోనే వస్తిరి. ఇంట్లో ఇరుకైతాదేమోనని బయట ఆటోల్లోనే కూచ్చోండారు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. చీపురు అందుకుని గది ఊడ్చి, చాపలన్నీ పరిచి, వాకిట్లోకి పోయి అందరినీ లోపలికి నేనే పిలిచాను.