తాడుకు అవతలి ఇసుక

పర్సిస్ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు వర్జీనియాలోని షాంటిలీలో తక్కువ. ఆదివారం తెలుగు చర్చిలో అందరూ కుర్చీల్లో సర్దుకున్నాక కూడా ఆమె వెనక గోడ పక్కన నిలబడే ఉండేది. ప్రసంగం కాస్త సాగేసరికి టీ ఫ్లాస్కులు సర్దాలన్న నెపంతో ఒకసారి, పిల్లలు అల్లరి చేస్తున్నారన్న నెపంతో ఇంకోసారి బయటికి వెళ్ళిపోయేది. క్వయర్‌లో పాడుతూనే భర్త లెవి కళ్ళతో ఆమెను వెతుక్కునేవాడు. "నీ కాళ్ళకి చక్రాలున్నాయే పర్సీ" అని నవ్వేవాడు ఇంటికొచ్చాక.

ఆమెది నరసాపురం. చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం రోజంతా పని. అమెరికా వచ్చి పదేళ్ళు దాటినా ఏదో ఒక కాగితం ఏదో ఒక ఆఫీసులో ఆగి ఉంటూనే వచ్చింది. వీసా పొడిగింపు అయిందనుకుంటే గ్రీన్‌కార్డ్ పిటిషన్, అది కదిలిందనుకుంటే ప్రాజెక్టు మారడం. ఆ ఎదురుచూపు ఎప్పుడో ఒంట్లోకి దిగిపోయింది. ఫోన్ మోగకపోయినా తీసి చూసుకునేది. నిద్రలో కూడా కాలి వేళ్ళు ఆడిస్తుందని లెవి అనేవాడు.

పక్షుల పిచ్చి ఆమెకు ఆఫీసు పార్కింగ్‌లో పట్టుకుంది. ఒక వసంతంలో, కంకర పరిచిన మూల మీద, తీతువు పిట్టలాంటి పక్షి ఒకటి రెక్క ఈడ్చుకుంటూ కుంటుతోంది. అయ్యో పాపం అని చున్నీ పట్టుకుని వెంటపడింది పర్సిస్. అది పార్కింగ్ చివరిదాకా కుంటి, అక్కడ శుభ్రంగా ఎగిరిపోయింది. మోసపోయానని తెలిసి వెనక్కి నడిచొస్తుంటే, కంకర రాళ్ళ మధ్య కంకర రంగులోనే గుడ్లు కనిపించాయి. గుడ్ల దగ్గర్నుంచి మనిషిని దూరంగా లాక్కుపోవడానికి ఆ నాటకం. ఆ మధ్యాహ్నం లంచ్ అవరంతా గట్టు మీద కూర్చుని చూసింది. ఫోన్ బ్యాగ్‌లోనే ఉండిపోయిందని సాయంత్రం గుర్తొచ్చి తనే ఆశ్చర్యపోయింది. ఆ నెలలోనే కెమెరా కొనుక్కుంది.

తర్వాతి ఏడాది గ్రీస్‌లోని లెస్బోస్ దీవికి పక్షుల టూర్ ఒకటి బుక్ చేసుకుంది. ఉప్పుమడుల్లో ఫ్లెమింగోలు, గైడ్ వెంట చిన్న గుంపు, చేతిలో కెమెరా. టూర్ వాళ్ళ బ్రోషర్‌లోని ఆ ఫొటోలు లెవికి చూపించి చూపించి విసిగించింది. బయల్దేరే ముందు లాయర్ ఫోన్ చేసి, "ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు కంట్రీ దాటితే రీ-ఎంట్రీ కష్టం, వెళ్ళకండి" అన్నాడు. ఆమె టూర్ వాళ్ళకి ఫోన్ చేసి క్యాన్సిల్ చేసుకుంటే, "జూన్‌లో వర్జీనియాలోనే అసటీగ్ దీవికి ట్రిప్ ఉంది, అందులోకి మార్చమంటారా?" అని అడిగారు. మార్చమంది. తీరంలో తన ఇంటి నుంచి కారులో వెళ్ళిరాగల దీవి. వీసా ఆఫీసర్‌కి జవాబు చెప్పక్కర్లేదు.

ఆ సంగతి మల్లికార్జునరావుగారి చెవిన పడింది. ఆయన ఆమె పనిచేసే కన్సల్టింగ్ కంపెనీ యజమాని. ఆమె వీసా, గ్రీన్‌కార్డ్ పిటిషన్ అన్నీ ఆయన కంపెనీ పేరు మీదే ఉన్నాయి. ఈమధ్యే ఆయనకీ ఫొటోగ్రఫీ అలవడింది.

"చెప్పలేదేంటమ్మా పర్సిస్! నేనూ జాయిన్ అవుతా. నా కార్‌లోనే పోదాం, దారిలో తినడానికి పులిహోర చేయిస్తా" అన్నాడు.

కాదనడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

రావుగారు చెడ్డవాడు కాదు. దారి పొడవునా పాత పాటలు పెట్టి కూడా పాడాడు. వంతెన మీద సముద్రపు పాయ కనిపించగానే చిన్నపిల్లాడిలా కేక వేశాడు. "సెప్టెంబర్‌లో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ అమ్మా. అదొక్కటి అయిపోతే మా ఆవిడతో యూరప్ అంతా తిరిగొస్తా" అన్నాడు. పర్సిస్ తలూపుతూ కూర్చుంది. ఈ రెండు రోజులు ఆఫీసు మొహం చూడకుండా బతుకుదామనుకున్న మనిషి పక్కన, ఆఫీసే స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది.

గైడ్ పేరు నోరా. ఎండకు కమిలిన మొహం, తక్కువ మాట. మోటల్ ముందు అందరినీ నిలబెట్టి ఒక్కటే నియమం చెప్పింది. బీచ్‌లో ప్లవర్ అనే చిన్న పక్షులు గూళ్ళు పెట్టే చోట గుంజలు పాతి తాడు కట్టి ఉంటుంది, తాడు దాటితే ఫెడరల్ నేరం, దాటినవాళ్ళు తన ట్రిప్‌లో ఉండరు.

శనివారం పొద్దున్నే బీచ్ చేరేసరికి గాలి లేదు, దోమలు మాత్రం చొక్కాల మీదుగానే కుట్టేస్తున్నాయి. పర్సిస్‌కి చేతులు నిలవలేదు. నారింజ రంగు ముక్కున్న ఆయిస్టర్‌క్యాచర్ ఆలిచిప్ప పగలగొడుతుంటే, ఇంకొంచెం దగ్గరికి, ఇంకొంచెం పక్కకి అని జరిగింది. అది ఎగిరిపోయింది. ఇసుక మీద చిన్న పక్షుల గుంపు వాలితే ట్రైపాడ్ మార్చింది. అవీ లేచిపోయాయి. రెండుసార్లు ఆమె మోకాలు తాడుకు తగిలింది.

"పర్సిస్, పక్షి కంటే ముందు నువ్వే కదులుతున్నావు" అంది నోరా ఇంగ్లీషులో. "తాడుకి దూరంగా ఉండు, ప్లీజ్."

మిగతావాళ్ళు తలతిప్పి చూశారు. ఆమెకు చెవులు కాలాయి.

ఎండెక్కాక, ఇసుకదిబ్బ మలుపు అవతల స్కిమ్మర్లు నీటిమీద ముక్కు ఆన్చి ఎగురుతున్నాయని నోరా గుంపును తీసుకుని అటు నడిచింది. రావుగారికి పెద్ద లెన్స్ మోసి మోసి భుజం పట్టేసింది. "నేనిక్కడ కూర్చుంటా. నువ్వు కూడా ఉండమ్మా, తోడుగా" అన్నాడు. ఆమె మనసంతా స్కిమ్మర్ల మీదే ఉంది. అయినా ఉండిపోయింది.

వాళ్ళు మలుపు తిరిగారో లేదో, తాడు అవతల ఇసుక రంగు పక్షి ఒకటి లేచి కుంటడం మొదలుపెట్టింది. గుప్పెడంత ఉంది. మెడ చుట్టూ నల్ల పట్టీ. ఒక రెక్క నేల మీద ఈడుస్తూ సన్నగా ఈలవేసినట్టు అరుస్తోంది.

"అయ్యయ్యో, రెక్క విరిగిందమ్మా దానికి! ఎంత మంచి షాట్!" అంటూ రావుగారు లేచి, లెన్స్ ఎత్తుకుని, తాడు దాటేశాడు.

పర్సిస్ నోరు తెరిచింది. సార్ అన్న మాట గొంతులో అడ్డం పడింది. దాని రెక్కకేం కాలేదని, అది లేచిన చోటే దాని పిల్లలు ఉంటాయని ఆమెకు తెలుసు. ఆయన ముందుకు నడుస్తున్నాడు. ఆమె కళ్ళు ఆయన బూట్ల చుట్టూ వెతికాయి. గవ్వ ముక్కల పక్కన దూదిపింజల్లాంటి పిల్లలు మూడు, నేలకు కరుచుకుని ఉన్నాయి. ఆయన మోకాలు ఆన్చి కూర్చోబోతున్నది సరిగ్గా అక్కడే.

ఆమె అరిచేలోపు పైనుంచి నీడ ఒకటి దిగింది. పెద్ద సీగల్. తల్లి దూరంగా నాటకమాడుతోంది, మనిషి అలికిడికి ఒక పిల్ల బెదిరి పరిగెత్తింది. సీగల్ దాన్ని ముక్కున కరుచుకుని లేచిపోయింది.

"కదలకు!" అని అరిచింది పర్సిస్. సార్ లేదు, గారు లేదు. "నీ కాలి దగ్గరే ఉన్నాయి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రా!"

రావుగారు కొయ్యబారిపోయాడు. తర్వాత ఒక్కొక్క అడుగే చూసుకుంటూ వెనక్కి వచ్చాడు. తాడు ఇవతలికి వచ్చేసరికి ఆయన మొహం పాలిపోయి ఉంది. "నేను చూళ్ళేదమ్మా. నిజంగా చూళ్ళేదు" అన్నాడు. తల్లి పక్షి ఖాళీ ఇసుక మీద అటూ ఇటూ పరిగెడుతూ పిలుస్తోంది.

నోరా తిరిగి రాగానే ఆమె చూపు ముందు అడుగుజాడల మీద పడింది. పర్సిస్ వైపు తిరిగి, "పొద్దున్నుంచీ చెబుతూనే ఉన్నాను నీకు" అంది.

రావుగారు సముద్రం వైపు చూస్తూ తెలుగులో మెల్లగా అన్నాడు. "ఒప్పేసుకోమ్మా. నీకైతే వార్నింగ్ ఇచ్చి వదిలేస్తారు. నాకు ఇంటర్వ్యూ ఉంది. నేను చూసుకుంటా నీ సంగతి."

పర్సిస్ నోటినుంచి ఇంగ్లీషులో వచ్చింది ఒక్క మాట. "తప్పు నాదే."

ముందే అరవలేదని ఆమె ఉద్దేశం. నోరా దాన్ని ఒప్పుకోలుగానే తీసుకుంది. ట్రిప్ ఇక్కడితో అయిపోయినట్టేనని, సాయంత్రం పడవ ప్రయాణానికి రావద్దని అంది. పక్షుల అభయారణ్యం ఆఫీసుకు రిపోర్ట్ చేయక తప్పదని కూడా చెప్పింది.

మోటల్ గదిలో పర్సిస్ మంచానికీ కిటికీకీ మధ్య తిరిగింది. ఏసీ వేసింది, ఆపింది. బ్యాగ్ సర్దింది, మళ్ళీ విప్పింది. లెవికి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పింది.

"పోనీలే పర్సీ. నువ్వేం ఉద్యోగం పోగొట్టుకుంటావా దానికోసం? సారీ చెప్పేసి వచ్చెయ్. ఆయన్తో మనకి అవసరం ఉంది" అన్నాడు లెవి.

"అంతేనా?"

"అంతే మరి, ఏం చేస్తాం చెప్పు?"

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆయన తప్పు తన మీద వేసుకున్నందుకు కాదు ఆమెకు మండుతున్నది. అరవడానికి ముందు, గొంతులో ఆ మర్యాద అడ్డుపడిన క్షణం గుర్తొస్తోంది. ఆ సీగల్‌కి ఆ ఒక్క క్షణమే సరిపోయింది.

ఆమె వెళ్ళి రావుగారి గది తలుపు తట్టింది. ఆయనా పడవ ఎక్కలేదు. మంచం మీద కూర్చుని మెత్తటి గుడ్డతో లెన్స్ తుడుస్తున్నాడు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది. ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

"నోరాకి చెప్పండి సార్" అంది ఆమె, గుమ్మంలోనే నిలబడి.

"అప్పుడు నీ ప్రాజెక్ట్ పోయినప్పుడు జీతం ఆపానా అమ్మా? వీసా క్యాన్సిల్ చేశానా?"

"లేదు సార్. అందుకే ముందు మీ దగ్గరికి వచ్చాను."

ఆయన తలెత్తలేదు. "నేను చెప్పకపోతే?"

"నేను చెప్తాను."

"నీ పిటిషన్ ఎవరి చేతుల్లో ఉందో గుర్తుందా?" గొంతులో బెదిరింపు కంటే భయమే ఎక్కువ వినపడింది.

"గుర్తుంది సార్. మర్చిపోయిన రోజు లేదు."

పడవ తిరిగి వచ్చేవరకు ఆమె మోటల్ ముందు కార్ల మధ్య తచ్చాడింది. రావుగారి గది తలుపు తెరుచుకోలేదు. నోరా వ్యాన్ దిగగానే పర్సిస్ ఎదురెళ్ళి, తడబడే ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పేసింది. నోరా విని, "మరి నేను నిన్నంటుంటే ఎందుకూరుకున్నావు?" అని అడిగింది.

"ఆయన మా కంపెనీ ఓనర్. నేను అమెరికాలో ఉండటం ఆయన సంతకం మీద ఆధారపడి ఉంది."

నోరా క్షమించమని అడగలేదు. "రేపు రేంజర్‌తో ఇదే మాట చెప్పగలవా?" అంది.

"చెప్తాను."

మర్నాడు రేంజర్ వచ్చాడు. రావుగారు ఏమీ దాచలేదు. ఆయనకు నోటీసు రాసిచ్చారు, ట్రిప్ నుంచి తప్పించారు. కారెక్కుతూ ఆయన పర్సిస్ వైపు చూడలేదు. ఆమె ట్రైపాడ్ బ్యాగ్ మాత్రం డిక్కీలోంచి తీసి, ఇసుక అంటకుండా మెట్టు మీద పెట్టి వెళ్ళాడు. పులిహోర డబ్బా కూడా దాని పక్కనే పెట్టాడు.

నోరాతో కలిసి ఆమె మళ్ళీ తాడు దగ్గరికి వెళ్ళింది. మిగిలిన రెండు పిల్లలు అలల అంచున పరుగెడుతున్నాయి. కెమెరా ఎత్తింది. ఒక్క ఫొటో కూడా సరిగ్గా రాలేదు. రెండూ ఉన్నాయా అని మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ ఉండిపోయింది.

మధ్యాహ్నానికి లెవి వచ్చాడు, కారులో ఒక్కడే అంత దూరం. వంతెన దాటాక, "ఫోన్‌లో నేనట్లా అనకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆమె కిటికీ అద్దం దించింది, ఎత్తింది. "ఏం జరుగుతుందో నాకూ తెలీదు లెవీ" అంది.

జరిగింది ఇదీ. రావుగారు ఆమెను ఉద్యోగంలోంచి తీయలేదు. అమ్మా అనడం మానేశాడు. మెయిల్స్‌లో "డియర్ పర్సిస్" అని మొదలుపెట్టేవాడు. ఇంటర్వ్యూలో ఆయన్ను ఆ నోటీసు గురించి అడిగారట, పని కాస్త ఆలస్యమైంది, చివరికి సిటిజన్ అయ్యాడు. ఆఫీసులో స్వీట్లు పంచినప్పుడు ఆమె కాజా ఒకటి తీసుకుని, "కంగ్రాట్స్ సార్" అంది. ఆయన తలూపి ముందుకు వెళ్ళిపోయాడు. ఆ శీతాకాలంలో ఆమె వేరే కంపెనీకి మారింది. చాలా కాగితాలు మళ్ళీ మొదటినుంచి నింపాల్సి వచ్చింది. లెవి కొన్నాళ్ళు ముభావంగా తిరిగాడు, తర్వాత సర్దుకున్నాడు.

తర్వాతి వసంతంలో నోరా ఫోన్ చేసింది. వారాంతాల్లో తాడు వెంట నడుస్తూ, వచ్చేవాళ్ళకు నచ్చచెప్పడానికి వాలంటీర్లు కావాలంది. ఎవరూ ఎక్కువ కాలం నిలవరట, పొద్దస్తమానం అటూ ఇటూ తిరగాలి కాబట్టి. పర్సిస్ ఆ మాట పూర్తికాకముందే ఒప్పుకుంది. కొందరు ఆమె మాట విన్నారు, కొందరు విసుక్కున్నారు. గొంతు పెంచడం ఆమెకు బాగానే వచ్చింది. ఒకరోజు పెద్ద లెన్స్ పట్టుకున్న పెద్దమనిషి మీద ఎంత గట్టిగా అరిచిందంటే, ఇంటికొచ్చాక కూడా గుండె దడ తగ్గలేదు.

జూన్ మొదట్లో తుపాను గాలికి పోటు పెరిగి గూళ్ళన్నీ కొట్టుకుపోయాయి. ఆ వార్త ఆమెకు ఆఫీసు మీటింగ్ మధ్యలో చేరింది. మీటింగ్ అయ్యేదాకా బల్ల కింద పాదాలు ఆడిస్తూనే కూర్చుంది. శుక్రవారం పని ముగియగానే కారులో సుత్తి, తాడు వేసుకుని, లెవిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరింది. పక్షులు మరోసారి గుడ్లు పెడతాయని, కొంచెం ఎగువన, గడ్డి దగ్గర చోటు వెతుక్కుంటున్నాయని నోరా చెప్పింది. అక్కడ ఇంకా గుంజలు పాతలేదు.