వంటింట్లో తెగిందని చెప్పాం

జర్మనీలో కాట్‌బస్ ఊరి బయట, ప్రభుత్వ అనుమతితో మందుల షాపులకు గంజాయి పండించి పంపే ఒక కంపెనీలో మూడేళ్లు పనిచేశాను. మా ఆయన ఊళ్లోని ఇండియన్ రెస్టారెంటులో వంట చేసేవాడు. అక్షరాలు నేను నలభై రెండో ఏట, అక్కడి జర్మన్ క్లాసులో దిద్దాను. తెలుగు అక్షరాలు ఆ తర్వాతే వచ్చాయి.

పువ్వుల చుట్టూ ఉండే చిన్న ఆకులను కత్తిరించడం మా పని. చాలావరకు మెషిన్ కత్తిరిస్తుంది, మిగిలింది మేం కత్తెరతో తీస్తాం. నా పక్కన వారానికి రెండు రోజులు ఒక కరీంనగర్ పిల్ల పనిచేసేది. యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతోంది. వాళ్ల నాన్న ఎక్సైజ్ కానిస్టేబుల్.

"మా డాడీ అక్కడ పట్టుకుంటడు, నేనిక్కడ కత్తిరిస్త. ఇద్దరిదీ ఒకటే డిపార్ట్‌మెంట్ ఆంటీ" అని నవ్వేది. ఇంట్లో మాత్రం టమాటాల తోటలో పని అని చెప్పింది.

ఒక మధ్యాహ్నం జిగురుకు ఆకులు అతుక్కుని మెషిన్ ఆగిపోయింది. ఆమె ఆఫ్ బటన్ నొక్కకుండానే కుడిచేతి చూపుడు వేలు లోపల పెట్టింది. బ్లేడు కదిలింది. గ్లౌజు నిండా రక్తం.

సూపర్‌వైజర్ భోజనానికి వెళ్లాడు. గోడకు దెబ్బల పుస్తకం వేలాడుతోంది. చిన్న గాయమైనా అందులో రాయాలి, చూసినవాళ్ల పేరు కూడా రాయాలి. గులాబీలు పెంచినా గంజాయి పెంచినా పనివాళ్లకు బీమా ఒకటేనని, చెయ్యి పాడైతే బతికినంతకాలం చూస్తుందని అతను మొదటి రోజే చెప్పాడు. నేను పెన్ను తీశాను. ఆమె మంచి చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"రాయకు ఆంటీ. కాగితాల మీద ఈ కంపెనీ పేరొస్తది. ఎవడో ఒకడు ఫొటో కొట్టి గ్రూపుల పెడ్తడు. గంజాయిల బిడ్డ, ఎక్సైజుల తండ్రి అంటరు. డాడీ నౌకరి ఏం గావాలె?"

పెన్ను పెట్టేశాను. మెషిన్ మీది రక్తం నేనే తుడిచాను. తడిసిన పువ్వులు చెత్తలో వేశాను. ఆమెకు జ్వరమని ఒక చీటీ పెట్టి ఇద్దరం బయటపడ్డాం.

ఆస్పత్రిలో డాక్టరు ముందు అడిగింది నొప్పి గురించి కాదు. పనిలో తెగిందా, ఇంట్లోనా అని. ఇంట్లో, చికెన్ కోస్తుంటే, అంది ఆమె. ఆయన గాయం వైపు చాలాసేపు చూసి నా వైపు తిరిగాడు. మీరు చూశారా అన్నాడు. చూశానన్నాను.

కుట్లు మానాయి గానీ వేలు వంగలేదు. లోపలి నరం సరిగా అతకలేదట. రెండుసార్లు ఆపరేషన్ చేశారు. ఆమెది సన్నని వైర్లు పట్టుకుని ల్యాబులో చేయాల్సిన చదువు. రెండో ఆపరేషన్ తర్వాత ఇక లాభం లేదన్నారు. అప్పుడు నిజం చెబుతానని ఆమే ముందుకొచ్చింది. బీమావాళ్లకు దరఖాస్తు పెట్టింది. నేను చూసింది చూసినట్టు మూడు రోజులు కూర్చుని ఒక పేజీ రాశాను. సూపర్‌వైజర్ అడ్డుపడలేదు. పుస్తకంలో ఏమీ లేదని మాత్రం రాశాడు. అది నిజమే.

జవాబు వచ్చిన రోజు ఆమె మా ఇంటికి వచ్చి చదివి వినిపించింది. పుస్తకంలో లేదు, ఆస్పత్రిలో వేరేగా చెప్పారు, కాబట్టి ఇవ్వలేం. అంతే అని మడత పెట్టింది. నేను చెయ్యి చాపాను. ఇవ్వడానికి తటపటాయించింది.

పదం కింద వేలు పెట్టుకుంటూ చదివాను. రెండో పేజీలో నా గురించి ఉంది. వెంట వచ్చిన ఆవిడ ఇంట్లో జరగడం చూశానని అదే రోజు డాక్టరుకు చెప్పింది, కనుక ఇప్పుడు ఆమె రాసినదాన్ని లెక్కలోకి తీసుకోలేం.

"ఇది ఎందుకు చదవలేదు బిడ్డా?"

"చదివితే ఏమొస్తది ఆంటీ? చెప్పమన్నది నేనే గదా."

అప్పీలు చేసుకోవడానికి నెల గడువుంది. కొత్త ఆధారం మా దగ్గర ఏదీ లేదు. నెల దాటిపోయింది. ఆమె ల్యాబు లేని కోర్సుకు మారింది.

కరీంనగర్‌లో వాళ్లింట్లో ఇప్పటికీ చికెన్ మాటే. ఒకసారి వీడియో కాల్‌లో వాళ్లమ్మ నన్ను చూసి, "దగ్గరున్నరు గదా వదినా, మా పిల్లకు కత్తి పట్టుడన్నా నేర్పరాదా?" అంది.

నేర్పిస్తానన్నాను.